యాక్టివ్ రాస్ పుల్-డౌన్ కిట్ రివ్యూ: పెట్టెలో దేనికి డబ్బు, దేనికి దండగ

కేన్సర్ కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో రాస్ (కణాన్ని పెరగమని చెప్పే స్విచ్ లాంటి ప్రొటీన్) ఎంత ఉందో తెలుసుకోవడం కష్టం కాదు, మామూలు వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్ మీద సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చాలు. ఉన్న రాస్‌లో ఎంత పని చేస్తోందో తేల్చడమే కష్టం. జీటీపీ, జీడీపీ అనేవి రాస్ పట్టుకునే చిన్న అణువులు (న్యూక్లియోటైడ్లు). జీటీపీ పట్టుకుని ఉంటే రాస్ ఆన్, జీడీపీ పట్టుకుని ఉంటే ఆఫ్. రెండు రూపాలూ జెల్ మీద 21 కిలోడాల్టన్ల దగ్గరే కనిపిస్తాయి, యాంటీబాడీ కూడా రెండింటినీ ఒకేలా పట్టుకుంటుంది. ఆ తేడా చూపించడానికి అమ్మే వస్తువే యాక్టివ్ రాస్ పుల్-డౌన్ కిట్. చాలా కంపెనీలు దీన్ని అమ్ముతున్నాయి. పెట్టె మీద పేరు, బీడ్స్ (ప్రొటీన్‌ను పట్టి లాగే చిన్న పూసలు) రకం మారతాయి తప్ప లోపలి సూత్రం ఒక్కటే. అందుకే ఇది ఏదో ఒక బ్రాండు మీద రాసింది కాదు. 30 రియాక్షన్ల సైజులో దొరికే ఈ రకం కిట్ మొత్తానికీ వర్తిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే: ల్యాబ్‌లో ఇంతకుముందు ఎవరూ ఈ పరీక్ష చేయకపోతే కిట్ కొనండి, డబ్బుకు తగిన వస్తువే. రెండోసారికి మాత్రం మొత్తం పెట్టె అక్కర్లేదు. ఇంకో మాట. ఫలితం పాడైతే తప్పు చాలావరకు కిట్‌లో ఉండదు. ప్లేటు ఇంక్యుబేటర్ లోంచి బయటికి వచ్చిన తర్వాతి కొద్ది నిమిషాల్లో ఉంటుంది. కిట్‌తో వచ్చే కాగితం ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తుంది.

సూత్రం చిన్నదే. ఆన్‌లో ఉన్న రాస్‌కు అతుక్కునే ప్రొటీన్లలో రాఫ్-1 ఒకటి. దాని మొదటి 149 అమైనో ఆమ్లాల ముక్కలో రాస్‌ను పట్టుకునే భాగం, అంటే ఆర్‌బీడీ ఉంటుంది. ఆ ముక్కకు జీఎస్టీ (గ్లూటాథయోన్‌కు అతుక్కునే ఒక ప్రొటీన్) తగిలించి గ్లూటాథయోన్ బీడ్స్ మీద కూర్చోబెడతారు. లైసేట్ (కణాలు పగలగొట్టిన ద్రవం) కలిపితే జీటీపీ ఉన్న రాస్ బీడ్స్‌కు అతుక్కుంటుంది, జీడీపీ ఉన్నది కడిగేసినప్పుడు పోతుంది. 1996, 97 ప్రాంతంలో అకడమిక్ ల్యాబుల్లో పుట్టిన ఈ పద్ధతిని తర్వాత కంపెనీలు పెట్టెలో పెట్టి అమ్మాయి. రేడియోధార్మిక ఫాస్ఫేట్ కణాలకు తాగించి, రాస్‌ను యాంటీబాడీతో లాగి, జీటీపీ జీడీపీ నిష్పత్తి చూసే పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో హాయి.

ఇప్పుడు అసలు చిక్కు. కణం లోపల రాస్‌ను ఆఫ్ చేసేవి గ్యాప్ ప్రొటీన్లు, న్యూరోఫైబ్రోమిన్ లాంటివి. రాస్ తనంతట తాను జీటీపీని విడగొట్టుకోవడం చాలా నెమ్మది. గ్యాప్ వచ్చి తన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని వేలులా లోపలికి చొప్పిస్తే ఆ వేగం దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. కణాన్ని లైసిస్ బఫర్‌తో పగలగొట్టినా ఈ గ్యాప్‌లు చచ్చిపోవు, ట్యూబులో కూడా పని చేస్తూనే ఉంటాయి. అంటే మీరు కొలవాలనుకున్న జీటీపీ మీ చేతిలోనే కరిగిపోతూ ఉంటుంది. దాన్ని ఆపేవి రెండే: చలి, వేగం. ఒకసారి ఆర్‌బీడీకి అతుక్కున్నాక గ్యాప్‌కు ఆ రాస్ దాదాపు అందదు, అక్కడి నుంచి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

కొత్తవాళ్లను మోసం చేసేది కూడా ఇదే. రాస్‌లో 12వ స్థానంలో ఉండే గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం మారిందంటే గ్యాప్ వేలు లోపలికి దూరడానికి చోటుండదు. కేన్సర్లలో కనిపించే జీ12డీ, జీ12వీ, జీ12సీ మార్పులన్నీ ఈ జాతివే. అలాంటి మ్యుటేషన్ ఉన్న సెల్ లైన్‌తో, ఉదాహరణకు ఎస్‌డబ్ల్యూ480తో, కిట్‌ను పరీక్షిస్తే ఎంత నిర్లక్ష్యంగా చేసినా బ్యాండ్ బలంగా వస్తుంది. ‘కిట్ బ్రహ్మాండం’ అనుకుంటారు. అదే చేత్తో హీలా కణాలకు ఈజీఎఫ్ (రాస్‌ను ఆన్ చేసే ఎదుగుదల సంకేతం) ఇచ్చి చేస్తే ఖాళీ బ్లాట్ వస్తుంది. కిట్‌నూ చేతినీ నిజంగా పరీక్షించాలంటే మామూలు రాస్ ఉన్న కణాలతో మొదలుపెట్టాలి. హీలా చాలు.

పెట్టెలో ఏముంటుందో చూద్దాం. 30 రియాక్షన్ల కిట్‌లో మామూలుగా వచ్చేవి: 100 మి.లీ. లైసిస్ బఫర్, గ్లూటాథయోన్ బీడ్స్, ఒక్కో రియాక్షన్‌కు 80 మైక్రోగ్రాముల చొప్పున జీఎస్టీ-ఆర్‌బీడీ, 10 మిల్లీమోలార్ జీటీపీ గామా ఎస్ (విడిపోని జీటీపీ నకలు), 100 మిల్లీమోలార్ జీడీపీ, రాస్ యాంటీబాడీ, శాంపిల్ బఫర్, స్పిన్ కప్పులు (అడుగున జల్లెడ ఉండే చిన్న గొట్టాలు). కొన్ని కంపెనీలు ఆర్‌బీడీని ముందే బీడ్స్‌కు అతికించి ఇస్తాయి. పని తగ్గుతుంది కానీ బీడ్స్ ఎక్కువ తక్కువలు సర్దుకునే వీలు పోతుంది. విడిగా ఇచ్చేదే మేలు.

30 అన్న అంకెను నమ్మి లెక్క వేసుకోకండి. ప్రతి రన్‌లోనూ ఒక పాజిటివ్, ఒక నెగటివ్ కంట్రోల్ తప్పవు. ఆరు ట్యూబుల చొప్పున చేస్తే కిట్ ఐదు రన్లకు వస్తుంది. అందులో పది ట్యూబులు కంట్రోళ్లకే పోతాయి, మీ శాంపిళ్లకు మిగిలేవి 20. మూడు సార్లు చేసి చూపించమని జర్నల్ అడుగుతుంది కాబట్టి ఆరు కండిషన్లకే కిట్ సరి. ప్రాజెక్టు బడ్జెట్ రాసేటప్పుడు ఈ లెక్కతో రాయండి.

బఫర్‌కు డబ్బు పెట్టడం మాత్రం దండగ. 25 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.2), 150 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 1 శాతం ఎన్‌పీ-40, 5 శాతం గ్లిసరాల్. ఏ ల్యాబ్‌లోనైనా అరగంటలో అయిపోయే పని. అందులో ప్రాణం పోసేది మెగ్నీషియం. రాస్ తన న్యూక్లియోటైడ్‌ను అంత గట్టిగా పట్టుకుని ఉండేది మెగ్నీషియం అండతోనే. అది పోతే పట్టు సడలి జీటీపీ జారిపోతుంది. ప్రొటీన్లు తునిగిపోకుండా మామూలుగా వాడే ప్రొటీయేజ్ ఇన్హిబిటర్ మాత్రల్లో చాలా వాటిలో ఈడీటీఏ ఉంటుంది, మెగ్నీషియాన్ని మింగేస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్నది వాడేస్తే కిట్ మొత్తం బూడిదలో పోసిన పన్నీరు కావచ్చు. ఈడీటీఏ లేనిదని రాసి ఉన్న మాత్ర విడిగా కొనాలి. రిపా అనే ఘాటైన లైసిస్ బఫర్ కూడా వద్దు. దానిలోని ఎస్‌డీఎస్, డీఆక్సీకోలేట్ అనే డిటర్జెంట్లు రాస్ ఆకారాన్నీ ఆర్‌బీడీ ఆకారాన్నీ దెబ్బతీస్తాయి, పైగా కేంద్రకాలు పగిలి డీఎన్‌ఏ జిగురు స్పిన్ కప్పు అడుగున పేరుకుంటుంది.

పని ఇలా సాగాలి. ఒక్కో కండిషన్‌కు 10 సెం.మీ. ప్లేటు, 80–90 శాతం నిండినది. ముందు రోజు రాత్రి సీరం తీసేసి 16–18 గంటలు ఉంచండి. సీరం ఉంటే రాస్ ముందే సగం రేగి ఉంటుంది, ఈజీఎఫ్ ఇచ్చినా తేడా తెలియదు. మర్నాడు లైసిస్ బఫర్, ట్రిస్ సెలైన్, స్క్రేపర్లు, ట్యూబులు అన్నీ ఐసులో సిద్ధంగా ఉంచుకున్నాకే మొదటి ప్లేటు ముట్టుకోండి. ఈజీఎఫ్ మి.లీ.కి 100 నానోగ్రాములు, 2 నుంచి 5 నిమిషాలు. పది నిమిషాలు దాటితే రాస్ మళ్లీ పడిపోవడం మొదలవుతుంది. ఎర్క్ (రాస్ సంకేతం అందుకునే ప్రొటీన్) ఆన్ అయిందా అని దాని ఫాస్ఫొరిలేషన్ చూసే అలవాటున్నవాళ్లు 15 నిమిషాలు ఇచ్చి, ‘ఎర్క్ వెలిగింది, రాస్ రాలేదు’ అని తల పట్టుకుంటారు. ఎర్క్ వరసలో కింద ఉంది, ఆలస్యంగా వెలుగుతుంది.

సమయం కాగానే మీడియం పూర్తిగా లాగేసి, ఐసు మీద పెట్టి, చల్లని ట్రిస్ సెలైన్‌తో ఒక్కసారే కడగండి. ప్లేటు వంచి అంచున చేరిన నీరూ తీసేయండి, లేకపోతే బఫర్ పలచబడుతుంది. అర మి.లీ. బఫర్ వేసి గీకి, ట్యూబులోకి తీసి, ఐసులో 5 నిమిషాలు ఉంచి, 4 డిగ్రీల దగ్గర 16,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పండి. పిపెట్‌తో పైకీ కిందికీ గట్టిగా కొట్టకండి, కేంద్రకాలు పగులుతాయి. ప్లేట్లన్నీ ఒకేసారి చేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. ఒక్కరే చేస్తుంటే ఒకటి పూర్తిగా గీకి ఐసులో పెట్టాకే రెండోదానికి ఈజీఎఫ్ ఇవ్వాలి. ఆరు ప్లేట్లకు బఫర్ పోసి వరసగా గీకుతూ పోతే ఆరో ప్లేటు బ్యాండ్ తక్కువ వస్తుంది. దాన్ని మందు ప్రభావమనుకుని థీసిస్‌లో రాసుకున్నా ఆశ్చర్యం లేదు.

ప్రొటీన్ కొలిచే దగ్గర మరో గండం. బీసీఏ పరీక్షకు 37 డిగ్రీల దగ్గర అరగంట పడుతుంది, అంతసేపూ లైసేట్లు ఐసులో ఉన్నా గ్యాప్ నెమ్మదిగా తింటూనే ఉంటుంది. కొలతకు 10 మైక్రోలీటర్లు పక్కన పెట్టి, మిగిలింది రెండు భాగాలు చేసి వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో దాచండి. అంకెలు వచ్చాక గది వేడిలో ఉన్న నీళ్లలో చటుక్కున కరిగించి ఐసులోకి మార్చి మొదలుపెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

పుల్-డౌన్ దశ తేలికే. 50 శాతం బీడ్స్ ముద్ద 100 మైక్రోలీటర్లు స్పిన్ కప్పులోకి. పిపెట్ టిప్ కొన కత్తిరించి తీయండి, సన్న టిప్‌లో బీడ్స్ ఇరుక్కుని ఒక్కో ట్యూబుకు ఒక్కో లెక్క పడుతుంది. 400 మైక్రోలీటర్ల బఫర్‌తో కడిగి, కప్పు అడుగు మూసి, 80 మైక్రోగ్రాముల ఆర్‌బీడీ, ఆపైన 500 మైక్రోగ్రాముల నుంచి 1 మిల్లీగ్రాము వరకు లైసేట్ వేసి 4 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పండి. గంట చాలు. రాత్రంతా వదిలేస్తే బ్యాండ్ బలపడదు, అక్కర్లేని ప్రొటీన్ల చెత్త పెరుగుతుంది. అడుగు మూత తీసి 6,000 జీ దగ్గర అర నిమిషం తిప్పి, మూడుసార్లు 400 చొప్పున కడిగి, 50 మైక్రోలీటర్ల శాంపిల్ బఫర్‌తో దించి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరిగించండి. కడిగే బఫర్‌లోనూ మెగ్నీషియం ఉండాలి. అదయిపోయిందని మామూలు సెలైన్‌తో కడిగితే మూడో కడుగుకల్లా రాస్ వదిలిపోవచ్చు. శాంపిల్ బఫర్‌లో డీటీటీ లేదా బీటా మెర్కాప్టోఇథనాల్ కొన్ని కిట్లలో మీరే కలుపుకోవాలి, చదివి చూడండి.

కంట్రోళ్ల విషయంలో కిట్‌కు మంచి మార్కులే ఇవ్వాలి. 500 మైక్రోలీటర్ల లైసేట్‌కు అర మోలార్ ఈడీటీఏ 10 మైక్రోలీటర్లు వేస్తే (ఇప్పుడు మాత్రం ఈడీటీఏ కావాలనే వేస్తున్నాం) రాస్ తన న్యూక్లియోటైడ్‌ను వదిలేస్తుంది. వెంటనే ఒక ట్యూబులో 5 మైక్రోలీటర్ల జీటీపీ గామా ఎస్, ఇంకోదానిలో 5 మైక్రోలీటర్ల జీడీపీ వేసి 30 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కదుపుతూ ఉంచాలి. తర్వాత 1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 32 మైక్రోలీటర్లు వేసి ఐసులో పెడితే తలుపు మూసుకున్నట్టే. జీటీపీ గామా ఎస్ విడిపోదు కాబట్టి గ్యాప్ దాన్ని ఏమీ చేయలేదు. జీటీపీ ట్యూబులో గట్టి బ్యాండ్, జీడీపీ ట్యూబులో దాదాపు ఏమీ లేకపోవడం, ఈ రెండూ వస్తే బీడ్స్, ఆర్‌బీడీ, యాంటీబాడీ బాగున్నట్టే. అప్పుడు మీ శాంపిల్ ఖాళీగా వస్తే తప్పు ప్లేటు దగ్గరే వెతకాలి. పాజిటివ్ కూడా ఖాళీ అయితే మొదట ఆర్‌బీడీని అనుమానించండి, ఆ తర్వాతే యాంటీబాడీని. జీడీపీ ట్యూబులో బ్యాండ్ కనిపిస్తే బీడ్స్ ఎక్కువయ్యాయనో, కడుగు సరిపోలేదనో అర్థం.

జెల్ 12 నుంచి 15 శాతం, మెంబ్రేన్ 0.2 మైక్రాన్లది. 0.45 వాడితే ఇంత చిన్న ప్రొటీన్ కొంత దాటిపోతుంది. యాంటీబాడీతో లాగే పద్ధతిలో 25 కిలోడాల్టన్ల దగ్గర ఆ యాంటీబాడీలోని తేలికపాటి గొలుసు బ్యాండ్ వచ్చి 21ని మింగేస్తుంది కదా, ఇక్కడ ఆ బెడద లేదు. మెంబ్రేన్‌కు పోన్సో రంగు వేస్తే జీఎస్టీ-ఆర్‌బీడీ పెద్ద బ్యాండుగా పైన కనిపిస్తుంది. అన్ని లేన్లలో అది సమానంగా ఉందో లేదో ఫొటో తీసి పెట్టుకోండి, రివ్యూయర్లు అడిగేది అదే. పక్కన 20 మైక్రోగ్రాముల మొత్తం లైసేట్ కూడా నడపాలి. 500 మైక్రోగ్రాములతో లాగి, దించిన దానిలో సగం జెల్‌లో వేశారంటే అది 250 మైక్రోగ్రాములకు సమానం. పుల్-డౌన్ బ్యాండ్, 20 మైక్రోగ్రాముల బ్యాండ్ ఒకే బలంతో వస్తే రాస్‌లో సుమారు 8 శాతం ఆన్‌లో ఉందని స్థూలంగా అనుకోవచ్చు. బీడ్స్ మొత్తాన్నీ లాగలేవు కాబట్టి ఇది కింది హద్దు మాత్రమే.

కిట్‌తో ఇచ్చే యాంటీబాడీ హెచ్-రాస్, ఎన్-రాస్, కే-రాస్ మూడింటినీ పట్టుకునే రకం. దానివల్ల వచ్చే చిక్కు మందుల ప్రయోగాల్లో బయటపడుతుంది. సోటోరాసిబ్ అనే కేన్సర్ మందును అమెరికా ఎఫ్‌డీఏ 2021 మే 28న అనుమతించింది. అది కే-రాస్ జీ12సీకి జీడీపీ ఉన్నప్పుడు అతుక్కుని ఆఫ్‌లోనే బంధిస్తుంది. కాబట్టి పుల్-డౌన్‌లో బ్యాండ్ పడిపోవాలి. మియాపాకా-2 కణాల్లో కే-రాస్ జన్యువు రెండు ప్రతులూ జీ12సీయే, తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. హెచ్358లో ఒక ప్రతి మామూలుది, దానికి తోడు మిగతా రాస్‌లూ ఉంటాయి. సాదా రాస్ యాంటీబాడీతో చూస్తే మందు సగమే పనిచేసినట్టు అనిపిస్తుంది. కే-రాస్‌కు ప్రత్యేకమైన యాంటీబాడీ విడిగా కొనాలి. అలా అమ్మే యాంటీబాడీల్లో మిగతా రాస్‌లనూ పట్టేవి ఉన్నాయి, నాకౌట్ (ఆ జన్యువు తీసేసిన) కణాల్లో పరీక్షించిన ఆధారం చూపించినదే తీసుకోండి. మొత్తం లైసేట్ లేన్‌లో, మందు అతుక్కున్న కే-రాస్ బ్యాండ్ కొద్దిగా పైకి జరగడం కూడా చూడొచ్చు. అది కనిపిస్తే మందు తన చోటికి చేరినట్టే.

సమయం ఇక్కడ కూడా ముఖ్యం. నాలుగు గంటల దగ్గర పడిపోయిన బ్యాండ్ 48–72 గంటలకు కొంత తిరిగి రావచ్చు. ఎర్క్ తగ్గగానే, అది పైవాటిని వెనక్కి లాగే పట్టు వదిలి, ఈజీఎఫ్ఆర్ లాంటి రిసెప్టర్లు ఎస్‌ఓఎస్ (రాస్‌ను ఆన్ చేసే ప్రొటీన్) ద్వారా మామూలు రాస్‌లను మళ్లీ రేపుతాయి. పెద్దపేగు కేన్సర్లో ఈ మందును ఒంటరిగా కాక ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే యాంటీబాడీతో కలిపి ఇవ్వడానికి కారణం ఇదే. ఒకే సమయంలో చూసి ఆపేస్తే ఈ కథ సగమే తెలుస్తుంది. కిట్‌ను ఇలాంటి టైమ్ కోర్స్‌కు వాడినప్పుడే డబ్బుకు న్యాయం.

ఈ కిట్ చెప్పలేనిది కూడా ఉంది. డారాక్సాన్‌రాసిబ్ లాంటి కొత్త తరం మందులు కణంలోని సైక్లోఫిలిన్ అనే ప్రొటీన్‌ను వెంటబెట్టుకుని ఆన్‌లో ఉన్న రాస్‌కే అతుక్కుంటాయి, రాఫ్ దగ్గరికి రాకుండా అడ్డుకుంటాయి. ఆర్‌బీడీ కూడా రాఫ్ ముక్కే కదా! అక్కడ బ్యాండ్ తగ్గిందంటే జీటీపీ తగ్గిందని రాయకూడదు, రాఫ్‌కు దారి మూసుకుందని మాత్రమే రాయాలి. మరోవైపు, ఫాస్ఫో-ఎర్క్ చూసి రాస్ సంగతి ఊహించేవాళ్లకు ఈ కిట్ తప్పనిసరి. బీ-రాఫ్ వీ600ఈ (రాస్ లేకుండానే ఎర్క్‌ను రేపే మ్యుటేషన్) ఉన్న ఏ375 లాంటి కణాల్లో ఎర్క్ భగ్గుమంటున్నా రాస్ జీటీపీ తక్కువే ఉంటుంది. శాంపిల్ బాగా తక్కువగా ఉండి, మి.లీ.కి మిల్లీగ్రాము లైసేట్ రానివాళ్లు 96 గుంతల ప్లేటులో చేసే ఎలైజా తరహా కిట్ చూసుకోవడం మంచిది. ఖర్చు ఎక్కువైనా పదుల మైక్రోగ్రాములతో పని జరుగుతుంది. కాకపోతే బ్యాండ్ కంటితో కనిపించదు, అంకె మాత్రమే వస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది రవాణా. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా విదేశీ సరుకు డీలరు ద్వారానే వస్తుంది, కస్టమ్స్‌లో ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. ఆర్‌బీడీ వేడికి తట్టుకోదు. డ్రై ఐస్ మధ్యలో మళ్లీ నింపే ఏర్పాటు ఉందా అని ఆర్డరు పెట్టేముందే రాతపూర్వకంగా అడగండి. పెట్టె విప్పగానే డ్రై ఐస్ మిగిలి ఉందో లేదో ఫొటో తీయండి. అదే రోజు ఆర్‌బీడీని ఒక్కో రన్‌కు సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. బీడ్స్‌ను మాత్రం గడ్డకట్టించకండి, 4 డిగ్రీలే వాటి చోటు. రెండూ కలిపి ఒకే డబ్బాలో మైనస్ 80కి తోసేస్తే బీడ్స్ పగిలిపోతాయి. గడువు ముగిసిన కిట్‌ను పారేయకుండా ఒక్క జీటీపీ గామా ఎస్ కంట్రోల్ నడిపి చూడండి, బ్యాండ్ ముందటంత బలంగా వస్తే వాడుకోవచ్చు.

రెండో కిట్ బదులు ఏం చేయాలంటే: జీఎస్టీ-ఆర్‌బీడీ ప్లాస్మిడ్లు (ఆ ప్రొటీన్‌ను తయారుచేయించే డీఎన్‌ఏ వలయాలు) అకడమిక్ ల్యాబులకు యాడ్‌జీన్ అనే ప్లాస్మిడ్ల నిలయంలో దొరుకుతాయి. బీఎల్21 బాక్టీరియాలో వేసి, ఐపీటీజీ అనే రసాయనంతో ప్రొటీన్ తయారీని రేపి, కణాలు పగలగొట్టి గ్లూటాథయోన్ బీడ్స్ మీదకు ఎక్కించడం బయోకెమిస్ట్రీ చదివిన ఏ పీహెచ్‌డీ విద్యార్థికైనా చేతనయ్యే పని. అర లీటరు కల్చర్ చాలా రన్లకు వస్తుంది. ల్యాబ్‌లో సొంతంగా చేసిన బీడ్స్ ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటాయి కనుక, కొన్న కిట్‌లో మిగిలిన ఆర్‌బీడీ ఒక ట్యూబు దాచి, ప్రతి కొత్త బ్యాచ్‌నూ దాని పక్కన ఒకే జెల్‌లో నడిపి సరిచూసుకోవాలి. అప్పుడు బయట కొనాల్సింది ముఖ్యంగా గ్లూటాథయోన్ బీడ్స్, జీటీపీ గామా ఎస్, జీడీపీ, ఈడీటీఏ లేని ఇన్హిబిటర్ మాత్రలు, మంచి యాంటీబాడీ.